తట్టి చూసిన గిన్నె

మ్యూజియంలో రాతి చెక్కడాల గదికీ గాజు వస్తువుల గదికీ మధ్య ఒక బెంచీ ఉంది. దాని మీద చూపు మందగించిన ముసలి శిల్పి కూర్చున్నాడు. పక్కన గోడకి ఆనుకుని కాపలా ఉద్యోగం చేసే అమ్మాయి నిలబడి ఉంది. గురువారం మధ్యాహ్నం కావడంతో కనుచూపు మేరలో మరో మనిషి లేడు.

“గాజుదేముందమ్మాయ్, ఊదితే వస్తుంది. రాయి అలా కాదు. రాయిని బతిమాలుకోవాలి.”

“పోయిన వారమూ ఇదే అన్నారు తాతగారూ.”

“అన్నానా?”

“అంతకుముందు వారమూ అన్నారు. అంటారు, అని మళ్ళీ గాజు గది వైపే తిరిగి కూర్చుంటారు.”

“అటు వెలుతురెక్కువ. అందుకని.”

“ఊఁ. వెలుతురు కోసమా?”

“నమ్మకపోతే మానెయ్. వెనకాల ఆ రాతి గుమ్మం ఉంది చూడు. పైన తీగ పాకి ఉంటుంది. ఎడమ పక్కన మూడో ఆకు కొస మడత పడి ఉంటుంది.”

“రోజూ ఎనిమిది గంటలు దాని ముందే నిలబడతాను. మడతా? నేనెప్పుడూ చూడలేదే!”

“వెళ్ళి చూసిరా.”

“ఉంది! నిజంగానే ఉంది తాతగారూ, పురుగు పట్టిన ఆకులా ముడుచుకుంది. మీకసలు చూపు ఆనదుగా, ఎలా తెలుసు?”

“అక్కడ రాయి పెచ్చు లేచింది. మేస్త్రీ చూస్తే చంపేస్తాడని ఆకు మడిచేశాను.”

“అంటే... ఈ గుమ్మం చెక్కింది మీరా?”

“తీగ వరకూ నాదే. అది ఉన్న భవనం పడగొట్టేశారు. గుమ్మం ఒక్కటీ ఇక్కడికి తెచ్చి నిలబెట్టారు.”

“అయ్యో, కింద కార్డు మీద ‘చెక్కినవారు తెలియదు’ అని రాశారే! ఆఫీసులో చెప్పనా?”

“వద్దులే. ఇప్పుడు తెలిసి ఎవరికి పని?”

“అయితే ఈ మ్యూజియం మొత్తంలో అంతకన్నా మంచి తీగ లేదంటారు.”

“లేదనే అనేవాణ్ణి.”

“కాకిపిల్ల కాకికి ముద్దు.”

“ముద్దే. కానీ ఒకటుంది. అదిగో, ఆ గాజు గిన్నె మీది తీగ. గిన్నె నాకు మసకమసగ్గానే ఉంది, తీగ మాత్రం మెరుస్తోంది. అడుగు నుంచి లేచి, మధ్యలో చీలి, అంచు దాకా పోయింది. నలభై ఏళ్ళు చెక్కాను. అలాంటి వంపు ఒక్కటి రాలేదు నాకు. ఎక్కడా చెయ్యి పడ్డట్టే లేదు. దానంతటదే పెరిగినట్టుంది.”

“ఏ గిన్నె? మధ్య పెట్టెలోదా?”

“అదే.”

“దాని మీద తీగ లేదు తాతగారూ.”

“గుడ్డివాడికి నాకే కనిపిస్తుంటే నీకేం రోగం?”

“అది తీగ కాదు, పగుళ్ళు. పగిలిన గిన్నె అది. నాలుగు ముక్కల్నీ సన్నగా సందులు వదిలి నిలబెట్టారు. కింద నుంచి దీపం వేశారుగా, ఆ సందులు మెరుస్తున్నాయి.”

“పగుళ్ళా?”

“అవును తాతగారూ.”

“నాలుగేనా? సరిగ్గా లెక్కపెట్టావా?”

“నాలుగే. కార్డు కూడా ఉంది, చదవనా?”

“వద్దు.”

“ఎవరు చేశారో...”

“వద్దన్నానా! ఎవరు చేశారో నాకు తెలుసు.”

“ఎలా తెలుసు? అక్షరాలు ఆనవుగా మీకు.”

“పక్కింటాయన పేపర్లో చూసి చెప్పాడు. అది సరే గానీ, పొద్దస్తమానం నిలబడితే కాళ్ళు లాగవూ?”

“మాట మార్చకండి.”

“మార్చట్లేదు, అడుగుతున్నా.”

“కాళ్ళదేముంది, నోరు పట్టేస్తుంది. రోజంతా నాతో మాట్లాడేది బాత్రూం ఎటు అని అడిగేవాళ్ళే. గురువారం వస్తే మీ కోసం చూస్తుంటాను.”

“నాదీ అదే కథలే. ఇంట్లో దగ్గినా నాకే వినపడుతుంది. వారమంతా దాచుకున్న మాటలు ఇక్కడికొచ్చి విప్పుకుంటాను.”

“అయితే వచ్చే గురువారం కూడా రండి. గాజు లేకపోయినా.”

“లేకపోవడమేంటి?”

“గాజు ప్రదర్శనకి ఇవాళ ఆఖరి రోజు. రేపటికి ఆ గది ఖాళీ. అవి చేసినావిడే వస్తున్నారు, తన సామాను తనే సర్దుకుంటానన్నారట. నాలుగింటికి.”

“నాలుగింటికా? ఇప్పుడెంతయింది?”

“పావు తక్కువ.”

“నా కర్ర ఏదీ?”

“చేతిలోనే ఉంది. ఎక్కడికి? కూర్చోండి.”

“బస్సు పోతుంది.”

“మీ బస్సు అయిదున్నరకి. ఆవిడ మీకేమవుతారు?”

“ఏమీ కాదు.”

“తాతగారూ.”

“కూతురు.”

“ఇన్ని వారాలుగా కూర్చుంటున్నారు, ఒక్క ముక్క చెప్పలేదే!”

“చెప్పుకునేంత ఘనకార్యమా? ఆ గిన్నె పగలగొట్టింది నేనే.”

“కోపమొచ్చా?”

“కోపమేంటి పిచ్చితల్లీ! రాయి ఎంచేటప్పుడు తట్టి చూస్తాం. గంటలా మోగితే మంచిది. లోపల పగులుంటే బొంగురుగా పలుకుతుంది. పనికిరాని రాయిని నేను తట్టను కూడా తట్టను, దాటిపోతాను. నచ్చినదాన్నే తడతాను. చిన్నప్పుడు నా కూతురూ వెంట వచ్చి రాళ్ళకి చెవి ఆనించి వినేది. పెద్దయ్యాక గాజు పని నేర్చుకుంది. మొదటి గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎంత పల్చనో! గుక్కెడు నీళ్ళు నిలబడి ఉన్నట్టుంది. నాకు ఒళ్ళు తెలియలేదు. చేతిలో ఉలి ఉంది. దాని మొదలుతో ఒక్కటి...”

“అయ్యయ్యో!”

“మోగింది. ఎంత బాగా మోగిందనుకున్నావ్! మోగి, పగిలింది.”

“పోనీ అలవాటుగా తట్టానని అప్పుడే చెప్పేయాల్సింది.”

“సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు నోరు లేస్తుంది. ‘రాయయితే పగిలేది కాదు’ అన్నాను. అది ముక్కలేరుకుని వెళ్ళిపోయింది. పదకొండేళ్ళు.”

“కాలు జారితే తీసుకోగలం గానీ...”

“నోరు జారితే తీసుకోలేం. తెలుసమ్మా. రోజూ గోడలకి చెప్పుకునేది అదే.”

“నచ్చే తట్టానని ఎప్పుడూ చెప్పలేదా?”

“ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఇప్పుడు చూడు, ఆ ముక్కలే తెచ్చి పదిమందిలో నిలబెట్టింది, మా నాన్న ఇలాంటివాడు అని. నిలబెట్టనీ, దానికా హక్కుంది. నేనేమో వచ్చి కూర్చుని, తీగ బాగుంది, తీగ బాగుంది అంటున్నా. పద, అది రాకముందే నన్ను గేటు దాకా దిగబెట్టు.”

“దిగబెడతా. ముందు కార్డు వినండి.”

“వద్దంటున్నది నీక్కాదూ?”

“ఇన్నాళ్ళూ వచ్చి, ఏం రాసుందో వినకుండానే పోతారా? రాళ్ళతో పెనుగులాడినవాళ్ళు, రెండు మాటలకి ఇంత భయమా?”

“భయమే. ఒంటరిగా ఉంటే భయం కూడా పెరుగుతుందమ్మా... సరే, ఎంత తిట్టిందో చదువు. పేరు నుంచి చదువు.”

“ఆవిడ పేరు కింద ఉంది. పైన గిన్నెకి పెట్టిన పేరు రాశారు. ‘నాన్నకి నచ్చిన రోజు.’”