మాస్టారి ఎలుగుబంటి

డ్రైవింగ్ మాస్టారి వరండాలో ఎవరు కూర్చున్నా ఆయన చెప్పేది పూర్తయ్యేదాకా లేవలేరు. ఆ వీధిలో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. పక్క సీట్లో కూర్చోబెట్టుకుని గంటలకొద్దీ మాట్లాడీ మాట్లాడీ, బ్రేక్ వేయడం ఆయన నోటికి మాత్రం అలవాటు కాలేదు.

అయితే ఆ ఆదివారం సాయంత్రం, అదే వీధిలో ఉండే నర్సు ఆయన కోతలు వినడానికి రాలేదు. భర్తనీ, పాపనీ వెంటబెట్టుకుని, నిజంగానే ఒక సలహా కావాలని వచ్చింది. ఆమెకు ఆసుపత్రిలో ఎట్టకేలకు సెలవు దొరికింది. ఎలక్ట్రీషియన్ పని చేసే భర్త, బడికెళ్ళే పాప, అత్తగారు, గుండుగాడనే కుక్క, అందరూ కలిసి కొండల్లో టెంట్ వేసుకుని ఉండాలని ఆమె కోరిక. కిందటిసారి వెళ్ళిన క్యాంపులో గేటు దగ్గరే కుక్కను చూసి అందర్నీ వెనక్కి పంపేశారు. పాప దారి పొడుగునా ఏడ్చింది. అందుకని ఈసారి అత్తగారు ముందే తేల్చి చెప్పేసింది. "మీరు ముగ్గురూ వెళ్ళిరండి. కుక్కను చూసుకుంటూ నేనుంటాను. ఈ మోకాళ్ళతో నాకు కొండలెందుకే?" అని. అలా అన్నావిడే, పాప పుస్తకంలో కొండల బొమ్మున్న పేజీ తెరిచి, ఎంతకీ తిప్పలేదు. అది నర్సు కంటపడింది. అప్పట్నుంచి ఆమెకు మనసు మనసులో లేదు.

"ఏటి ఒడ్డున ఒక క్యాంపు ఉందట, కొండ మీద ఒకటి, అడవిలో ఒకటి. మీరు అవన్నీ చూసొచ్చారట కదా బాబాయ్ గారూ! పాపకీ, కుక్కకీ, మా అత్తయ్యకీ కూడా బావుండేది ఏదో చెప్పండి," అంది.

"సరైన చోటికే వచ్చావమ్మాయ్!" మాస్టారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. "నేను మా పిల్లలతో, మా చిట్టితో, అదే మా కుక్కపిల్లతో, ముందు ఏటి ఒడ్డుకే వెళ్ళాను. అక్కడ పార్కింగ్ ఎలా ఉందనుకున్నావ్? ఇదిగో, ఈ గోడలా నిటారుగా ఉంది. పెద్ద పెద్ద డ్రైవర్లు తలలు పట్టుకు కూర్చున్నారు. నేను ఒక్క దెబ్బకి, రివర్స్‌లో, అద్దం కూడా చూడకుండా పెట్టేశాను."

"అద్దం చూడకపోతే నన్ను తిట్టేవారు కదా మాస్టారూ," అన్నాడు ఎలక్ట్రీషియన్.

"నువ్వూ నేనూ ఒకటేనా? వినవయ్యా! సరే, టెంట్ విప్పాను. ఏటి మీంచి గాలి. మామూలు గాలి కాదు, చెట్టు మీది కాకుల్ని ఈకలు పీకినట్టు పీకేస్తోంది. నేను ఒక చేత్తో టెంట్, ఒక చేత్తో టీ కప్పు పట్టుకుని ఉన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? టెంట్ బుడగలా ఉబ్బి, పిల్లలతో సహా మా అందర్నీ పైకి ఎత్తేసింది!"

"అమ్మో! మరి చిట్టి?" పాప నోరు తెరిచింది.

"నా జేబులో ఉంది. అరవనైనా లేదు, అంత క్రమశిక్షణ. నేను ఊరుకుంటానా? ఎడమ తాడు లాగితే ఎడమకి, కుడి తాడు లాగితే కుడికి. గాలిలో అయినా సరే, మలుపు దగ్గర చెయ్యి చాపి సిగ్నల్ ఇచ్చే తిరిగాను. రూల్ రూలే! పక్కన ఎగురుతున్న గద్ద ఆగి నాకు దారిచ్చింది."

"కారు ఏటి దగ్గరే వదిలేశారా?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"ఎందుకు వదులుతాను? టెంట్ తాడు దానికే కదా కట్టాను! కింద వేలాడుతూ వచ్చింది. అలా వెళ్ళి కొండ మీద క్యాంపులో దిగాం. టీ చుక్క ఒలకలేదు."

పాప పకపకా నవ్వింది. నర్సుకు కూడా నవ్వొచ్చింది గానీ, లోపల మాత్రం గుబులుగానే ఉంది. సెలవు ఇప్పుడు పోతే మళ్ళీ ఎప్పటికో. ఈయన గద్దల్నీ గాలినీ చెబుతున్నారు, అత్తయ్య మోకాళ్ళ సంగతి ఎవరు చెబుతారు? "బాబాయ్ గారూ, కొండ మీద నడవడానికి..." అంటూ అడగబోయింది.

"నడకా? అక్కడికే వస్తున్నా! తెల్లారుజామున పొగమంచు. చేతిని ముఖం ముందు పెట్టుకుంటే ఎవరి చెయ్యో తెలీదు. టెంట్ బయట ఏదో చప్పుడు. తొంగిచూశాను కదా, నల్లగా, ఇంత లావున, ఊగుతూ, మూలుగుతూ వస్తోంది. ఎలుగుబంటి!"

అప్పుడే మాస్టారి వెనక తలుపు తెరుచుకుని ఒక ముసలావిడ గడపలోకి వచ్చి నిలబడింది. మాస్టారి అత్తగారు. కొడుకు ఇంటి నుంచి మొన్ననే వచ్చిందని నర్సుకు తెలుసు. మాస్టారు వెనక్కి తిరిగి చూడలేదు. ఆవిడ చిన్నపిల్లలా కళ్ళు పెద్దవి చేసుకుని వింటోంది.

"మా చిట్టి ఒక్క ఉరుకు ఉరికి, భౌ అంది. ఎలుగుబంటి గజగజా వణికిపోయింది. పాపం, జాలేసింది నాకు. 'భయపడకు, నేనున్నాను' అన్నాను. దానికి నా గొంతు నచ్చింది. వచ్చి కారు పక్కన కూర్చుంది. నాకు వృత్తి బుద్ధి ఊరుకుంటుందా? తీసుకెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను. క్లచ్ అంటే ఇదీ, బ్రేక్ అంటే ఇదీ అని ఒక్కసారి చెప్పాను, అంతే! ఏం పట్టేసిందనుకున్నావ్! ఇదిగో, ఈ ఎలక్ట్రీషియన్ గేరు మార్చడానికి ఎంత ఏడిపించాడు నన్ను! అది మమ్మల్నందర్నీ ఎక్కించుకుని, కొండ దిగి, ఒక్క హారన్ కొట్టకుండా అడవిలో క్యాంపు దగ్గర దింపింది. దిగేటప్పుడు నాకు నమస్కారం కూడా పెట్టింది!"

"నమస్కారం పెట్టలేదు అల్లుడూ," అంది గడపలోని ముసలావిడ. "తిట్టాను."

మాస్టారి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఆ ఎలుగుబంటిని నేనేనమ్మా," అందావిడ నర్సుతో, వచ్చి బెంచీ మీద కూర్చుంటూ. "నల్ల రగ్గు కప్పుకుని బాత్రూమ్‌కి వెళ్ళొస్తున్నాను. ఆ బాత్రూమ్ ఎక్కడో కింద ఉంది. రాళ్ళూ, చెట్ల వేర్లూ. మోకాళ్ళు పట్టేసి మూలుగుతూ ఎక్కుతుంటే ఈయన టెంట్‌లోంచి గావుకేక పెట్టాడు. కుక్కపిల్ల దుప్పట్లో దూరింది. స్టీరింగ్ సంగతంటావా, నేను ఈ జన్మలో ముట్టుకోలేదు. పక్క సీట్లో కూర్చున్నాను, అంతే."

ఎలక్ట్రీషియన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. పాప "ఎలుగుబంటి అమ్మమ్మా!" అని వెళ్ళి ఆవిడ ఒళ్ళో వాలింది. మాస్టారు ఖాళీ కప్పులోంచే టీ తాగడం మొదలుపెట్టారు.

నర్సు మాత్రం బెంచీ చివరికి జరిగింది. "మరి అడవిలో క్యాంపు ఎలా ఉంది అమ్మమ్మగారూ? మా అత్తయ్యవీ ఇలాంటి మోకాళ్ళే. కుక్కను రానిస్తారా?"

"శుభ్రంగా రానిస్తారు. కుక్కలు పరిగెత్తడానికి కంచె కట్టి వేరే చోటు ఉంది. పిల్లలకి భయం లేదు, ఏరు దూరం. బాత్రూమ్ టెంట్ పక్కనే, మెట్లు కూడా లేవు. మీ అత్తగారిని ధైర్యంగా తీసుకెళ్ళు." ఆవిడ అల్లుడి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "మేం అక్కడికి వెళ్ళాలని అనుకోలేదమ్మా. కొండ మీదే ఉండాలని పిల్లలు గోల. నేను కూడా ఏమీ అనలేదు, అందరి సరదా నా వల్ల ఎందుకు పాడవ్వాలని. ఈయనే నా నడక చూశాడు. టిఫిన్ కూడా తినకుండా, వేసిన టెంట్ అంతా విప్పి, సామాను ఒక్కడే మోసి, అందర్నీ కిందికి తెచ్చాడు. ఎందుకని పిల్లలు అడిగితే, తనకి అక్కడి గాలి పడటం లేదన్నాడు. ఇన్ని కోతలు కోస్తాడు కదా, ఈ ముక్క ఎవరికైనా చెప్పాడేమో అడుగు."

నర్సు మాస్టారి వైపు తిరిగింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఏం బాబాయ్ గారూ, ఎందుకు చెప్పలేదు?"

"అందులో చెప్పుకోడానికి ఏముందమ్మాయ్," అన్నారాయన కప్పులోకి చూస్తూ. "పెద్దావిడ నడవలేకపోతే ఎవరైనా చేసేదే."

నర్సు మరి కూర్చోలేదు. ఇంటికెళ్ళేసరికి అత్తగారు గుమ్మంలో గుండుగాడికి అన్నం పెడుతోంది.

"మందులూ, స్వెట్టరూ తీసిపెట్టుకోండి అత్తయ్యా," అంది నర్సు చెప్పులు కూడా విడవకుండా. "మీరూ వస్తున్నారు."