మా రేడియో, తుప్పు డ్రమ్ము

ఏమే అమ్మడూ, ఆ స్టూలు ఎటు లాగుతున్నావు? ఊడవడానికా? సరే, ఊడ్చు. ఇందాక ఏదో అన్నావు... ఆ, మీ కాలేజీలో కొత్తగా చేరే చూపులేని పిల్లలకి తోడుండే పని నీకిచ్చారన్నావు. వాళ్లు రాకముందే హాస్టల్ నుంచి క్లాసు దాకా దారిలో ఉన్నవన్నీ తీయించేస్తానన్నావు. తీయించేస్తావూ? ఆ చీపురు పక్కన పెట్టి ఇలా తాత దగ్గర కూర్చో. నీకు మా రేడియో సంగతి చెప్పాలి.

రేడియో అంటే మనిషేనే. డిగ్రీలో చేరినప్పుడు నా గదిలో ఉండేవాడు. పోయి చాలా ఏళ్లయిందిలే. చిన్నప్పుడే చూపు పోయింది. నోరు మాత్రం ఒక్క క్షణం ఊరుకునేది కాదు, అందుకే ఆ పేరు. ఎవరి గొంతైనా దింపేసేవాడు. ఓసారి భోజనాల దగ్గర అచ్చం వార్డెన్ గొంతుతో "వరసలో నిలబడండిరా వెధవల్లారా!" అని అరిచాడు. వార్డెనే కంగారుగా వచ్చి వరసలో నిలబడ్డాడు! ఏం చెప్తున్నాను... ఆ.

వాళ్ల నాన్న వడ్రంగి. కొడుకుని దింపడానికి వచ్చిన రోజే వార్డెన్‌తో కచ్చితంగా చెప్పేశాడు. "నెలాఖరుకి మళ్లీ వస్తానండీ. అప్పటికి వీడు క్లాసు దాకా ఒక్కడే నడిచాడా, ఉంటాడు. లేదంటే నాతో తీసుకుపోతాను. ఒకళ్ల చెయ్యి పట్టుకుని తిరిగేదానికి ఇంత దూరం దేనికి?" కోపం కాదే అది, భయం. అన్నాడంటే చేసే మనిషి.

ఇక మావాడి తంటాలు చూడాలి. మేం చెయ్యి పట్టుకోబోతే కర్రతో ఒక్కటిచ్చేవాడు. "నన్ను మూటలా మోసుకుపోకండ్రా. అడిగినప్పుడు చెప్పండి చాలు." హాస్టల్‌కీ క్లాసులకీ మధ్య పెద్ద ఖాళీ స్థలం, పట్టుకుని నడవడానికి గోడ కూడా లేదు. అందులోనే వాడు దారి కట్టుకున్నాడు. మెట్లు దిగితే ఎవరో కట్టగా మిగిలిన ఇటుకల కుప్ప, తర్వాత విరిగిన బెంచీ, ఆ తర్వాత తుప్పుపట్టిన నీళ్ల డ్రమ్ము. కర్ర తగిలితే ఖంగుమనేది. "నమస్కారం సార్" అని దానికో దణ్ణం పెట్టి కుడికి తిరిగేవాడు. మా ప్రిన్సిపాల్‌కి కూడా అంత మర్యాద దక్కలేదు.

నెలాఖరు వచ్చింది, వాళ్ల నాన్నా దిగాడు. మా వార్డెన్ ఉన్నాడే, అరుపులే గానీ మనసు వెన్న. కుర్రాడు వెళ్లిపోతాడేమోనని మాకంటే ఆయనకే ఎక్కువ బెంగ. ఆ పొద్దున మేం స్నానాల హడావుడిలో ఉండగా మనుషుల్ని పెట్టి ఆ స్థలమంతా అద్దంలా చేయించాడు. ఇటుకలు లేవు, బెంచీ లేదు, డ్రమ్ము లేదు. "ఇంక దేనికీ తట్టుకోడు" అని మురిసిపోయాడు.

రేడియో మెట్లు దిగాడు. కర్ర ఇటు ఊపాడు, అటు ఊపాడు. ఏదీ తగల్లేదు. రెండడుగులేసి నిలబడిపోయాడు. వడ్రంగి వచ్చి "చాల్లే నాన్నా, పద" అని చెయ్యి పట్టుకోబోయాడు.

వాడు చెయ్యి లాగేసుకున్నాడు. "నా డ్రమ్ము ఎవర్రా తీసింది?"

"నేనే బాబూ... అడ్డమని..." వార్డెన్ నసిగాడు.

"అడ్డమేంటి సార్! దాన్ని కొట్టే కదా నేను తిరిగేది!"

ఆయన మొహం చూడాలి అప్పుడు. హాస్టల్ వెనక్కి పరుగెత్తి తనే డ్రమ్ము దొర్లించుకొచ్చాడు. మేం చొక్కాల్లో ఇటుకలు మోశాం. బెంచీ కాళ్లు దిగిన గుంటలు నేలలో ఉండనే ఉన్నాయి, అందులోనే దింపాం. రేడియో బెంచీ దాకా వచ్చాడు, అక్కణ్ణుంచి తన లెక్కన నడిచి కర్ర నేలమీద పొడిచాడు. వడ్రంగి డ్రమ్ము పట్టుకున్నాడు.

"ఇంకాస్త ఎడమకి నాన్నా. ఇంకాస్త. ఆ, అక్కడే."

కర్ర తగిలించాడు. ఖంగుమంది. "నమస్కారం సార్." కుడికి తిరిగి క్లాసుకి వెళ్లిపోయాడు.

వడ్రంగి డ్రమ్ముని ఓసారి ఊపి చూశాడు. సంచీలోంచి చెక్కముక్క తీసి, ఒంగి, అది జరక్కుండా అడుగున దిగ్గొట్టాడు. ఒక్కడే బస్సెక్కాడు...

ఊఁ. నా మంచినీళ్ల గ్లాసు ఏదే? ఇక్కడ చెయ్యి పెడితే అందేది. ఆ స్టూలు ఇంకా దాని చోట పెట్టలేదూ?