వెర్లిన్ చెప్పిన సాక్ష్యం

మా ఆయన పోయిన నాలుగు నెలలకి ఆయన చేత ఓట్లడిగించారు. జరిగిన తప్పు అది. అడిగించినవాడు వెర్లిన్ స్టకీ, మా చర్చి మనిషే.

ఈస్టరు ముందటి శ్రమదినాల్లో ప్రతి బుధవారం చర్చి కింది హాల్లో అందరం కలిసి భోంచేస్తాం. చిల్లీ, అంటే మాంసం, చిక్కుడు గింజలు కలిపి ఉడికించిన కారపు కూర, దానితో దాల్చినచెక్క రోల్సు. తింటూండగా ఎవరో ఒకరు లేచి, దేవుడు తనకి చేసిన మేలు సాక్ష్యంగా చెబుతారు. మధ్యలో సరదాగా ఓ మాట విసరొచ్చు గానీ, అది నిజమేనా అని అడగడం మా దగ్గర లేదు. చివర "ఆమేన్" అనడమే.

ఆగస్టులో మా పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నిక ఉంది. రాష్ట్ర శాసనసభ సీటుకి వెర్లిన్‌ ఒకడు, పశువుల డాక్టరు మార్నా వెడెల్‌ ఒకరు. మా వైపు పాతికేళ్ళుగా మా ఆయన రేమండ్ ఎటంటే ఓట్లు అటే పడ్డాయి. అందుకే కౌంటీ పార్టీ అధ్యక్షుడు గేలార్డ్ ఆ సాయంత్రం నా పక్కన చేరి, "శనివారం సభలో వెర్లిన్ పక్కన నిలబడు చాలు, లవోన్. నువ్వేం మాట్లాడక్కర్లేదు" అన్నాడు. ఆలోచిస్తానన్నాను.

అంతలో వెర్లిన్ లేచాడు.

"నాది గొప్పలు చెప్పుకునే నోరు కాదు. నవంబరు మంచు తుఫానులో రాజధాని టొపీకాలో నీళ్ళ మీటింగుకి వెళ్ళాను, అంతే. మన పొలాల కింది నీళ్ళకి గొట్టాలేసి పట్నానికి లాక్కుపోదామని పెద్దవాళ్ళంతా కూర్చున్నారు. మన డాక్టరమ్మ పెద్ద చదువు చదివింది కదా, రోడ్లు మూసేశారని రేడియోలో వినగానే ఇంట్లో పడుకుంది. నేను చదువుకోలేదు, అందుకే బయల్దేరాను."

"అది మాత్రం నిజం" అన్నాడు వెనక బల్ల నుంచి డ్వైట్.

"పికప్ బండి కూరుకుపోయింది, ట్రాక్టరెక్కాను, మంచు ఎంత పడిందంటే కరెంటు స్తంభాల మీదుగా పోతున్నానని కూడా తెలీలేదు, చక్రాల కింద తీగలు గిటారులా మోగుతుంటే అప్పుడు తెలిసింది."

"ఏ గేరులో పోయావేంటి?"

"విశ్వాసం గేరులో, డ్వైట్! అదీ కాసేపే, ఇంజను ఆగిపోయింది. దిగి మోకాళ్ళ మీద పడ్డాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మంచు రెండుగా చీలింది! మోషేకి దేవుడు ఆరిన నేల ఇచ్చాడు, నాకు మంచు కరిగేలా ఉప్పు చల్లిన రోడ్డే ఇచ్చాడు. వెనక్కి చూద్దును కదా, గార్బర్ వాళ్ళ ఆవులన్నీ వరసకట్టి నా వెంటే!"

"ఒరే, ఆవులు టొపీకా దాకా వచ్చాయట్రా?" అంది అతని పిన్ని విల్మా.

"మెట్ల దాకా వచ్చాయి పిన్నీ. లోపలికి రానివ్వలేదు. మనలాంటివాళ్ళని వాళ్ళెప్పుడు రానిచ్చారు గనక?"

దానికి ఎవరూ నవ్వలేదు. తలలూపారు. కోతల మధ్య అలాంటి మాట ఒకటి ఎక్కడ దింపాలో వెర్లిన్‌కి బాగా తెలుసు. నీళ్ళ సంగతి నిజమే మరి. నేనూ తలూపాను.

"లోపల చూస్తే మనిషికి మూడేసి ఫోర్కులు, పేరు తెలీని చేప, దాని మీదో పువ్వు. ప్రార్థనన్నది లేకుండా తినేస్తున్నారు! 'ఆగండి' అని నేను అందుకున్నాను. ఆదికాండం నుంచీ మొదలుపెట్టాను. యెషయా దగ్గరికొచ్చేసరికి సూపు గడ్డకట్టింది, యోహాను దగ్గరికొచ్చేసరికి లాయర్లు వెక్కి వెక్కి ఏడుస్తున్నారు, తూర్పు తీరంలో చదివొచ్చిన ఒకాయనైతే తన పట్టా చింపి పారేసి, 'అయ్యా, నాకు ట్రాక్టరు నేర్పండి' అని నా కాళ్ళ మీద పడ్డాడు. గవర్నరు గారు బయటికెళ్ళి స్వయంగా ఆవులకి గడ్డి వేశారు."

"చేతులు కడుక్కున్నారా ఆ తర్వాత?" అన్నాడు డ్వైట్. ఈసారి అందరూ నవ్వారు.

వెర్లిన్ నవ్వలేదు. గొంతు తగ్గించాడు.

"అసలు సాక్ష్యం ఇది. తిరుగుదారిలో ఆసుపత్రికి వెళ్ళాను. కదల్లేని రేమండ్ నన్ను చూసి లేచి కూర్చున్నాడు. గదంతా వెలుగు. నా చెయ్యి పట్టుకుని, 'వెర్లిన్, దేవుడు నాకు చూపించాడు. ఆ కుర్చీ నీది. మనవాళ్ళకి చెప్పు' అన్నాడు. ఆయన చివరి మాటలు అవే."

హాలంతా "ఆమేన్" అంది. విల్మా కళ్ళు తుడుచుకుంది. గేలార్డ్ నా వైపు చూశాడు, తర్వాత అందరూ చూశారు. నేను ఊరుకుంటే రేమండ్ ఆ మాట అన్నట్టే. ఇక ఎప్పటికీ అన్నట్టే.

"నువ్వెప్పుడొచ్చావు, వెర్లిన్?" అని అడిగాను.

డ్వైట్ చెంచా కింద పెట్టాడు.

"నువ్వు కాఫీకి కిందికెళ్ళినప్పుడు, లవోన్."

"సరే, వచ్చావనే అనుకుందాం. స్ట్రోకుతో రేమండ్‌కి మాటలన్నీ పోయాయి. ఒక్కటే మిగిలింది, 'వద్దు'. నేను ఇంటికెళ్ళి రానా అంటే వద్దు. నీళ్ళు తాగుతూ కూడా వద్దు. ప్రార్థన చెయ్యనా అని పాస్టరు గారు అడిగితే, వద్దంటూనే ఆయన చెయ్యి వదల్లేదు."

పాస్టరు గారు తల దించుకుని, "అవును" అన్నారు.

"కాబట్టి ఆ సీటుకి నిలబడనా అని నువ్వు అడిగుంటే, ఆయన జవాబు చెప్పే ఉంటాడు. అది నేను నమ్ముతాను."

వెర్లిన్ కూర్చుని, చల్లారిన చిల్లీ తినడం మొదలుపెట్టాడు. విల్మా వచ్చి నా పక్కన కూర్చుంది. గేలార్డ్ శనివారం మాట మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు మార్నా మనుషులు ఇద్దరు మా వంటింట్లో కూర్చున్నారు. నిన్న నేనన్నది వాళ్ళ సభలో ఒక్కసారి చెప్పాలట. మీది నిజమే కదా, నిజం చెబితే తప్పేముంది అన్నారు.

"మార్నాకి నా ఓటు వేస్తాను. రేమండ్‌ని మాత్రం ఇవ్వను" అన్నాను.

ఆగస్టులో వెర్లిన్ గెలిచాడు, నవంబరులో అసలు ఎన్నికలోనూ గెలిచాడు. నేను ఆ సభలో నోరు విప్పుంటే ఓడేవాడని మార్నా వాళ్ళు ఇప్పటికీ అంటారు. అయ్యుండొచ్చు. ప్రతి ఎన్నికకీ ఎవరో ఒకరు, ఆ పక్షంవాళ్ళో ఈ పక్షంవాళ్ళో, ఆయన పేరు కోసం వస్తూనే ఉన్నారు. కూర్చోబెట్టి మర్యాద చేసి పంపిస్తాను. పేరు ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు.