భేస్తాన్‌లో బారు

(శనివారం మధ్యాహ్నం. సూరత్ రింగ్ రోడ్డు పక్కన లోచో టిఫిన్ బండి దగ్గర ఇద్దరు: వారాంతానికి హైదరాబాదు నుంచి వచ్చిన వంశీధర్, ఊరు చూపించడానికి ఒప్పుకున్న హారతి.)

“లోచో బాగానే ఉంది సిస్టర్. కానీ నేనడిగింది బారు.”

“బారు లేదని పొద్దటి సంది చెప్తనే ఉన్న గదన్నా. గుజరాత్‌ల మందు బంద్. తాగేటోళ్లు శనివారం దమణ్ పోతరు, ఐతారం ఎర్ర కండ్లేసుకొని తిరిగొస్తరు. నువ్వూ పో.”

“దమణ్ అందరూ చూపిస్తారు. నేను ‘వీకెండ్ వంశీ’ని, నాకో పేరుంది. హడావుడి లేకుండా, లోకల్ వాళ్లు హాయిగా కాళ్లు చాపుకుని కూర్చునే చోటు కావాలి.”

“కాళ్లు చాపుకోవాల్నంటే డుమస్ దిక్కు పోదాం. ఇంటిల్లిపాది ఫుట్‌పాత్ మీద సాప పరుసుకొని టమాటా భజియా తింటరు. సూరత్ అంటే గదే.”

“అది పోయినసారే తీశా.”

“పోయినసారి గూడ వచ్చినవా?”

“రెండేళ్ల కింద వచ్చా కదా. నా వీడియోలు చూడవా నువ్వు?”

“కొన్ని చూసిన.”

“ఏవేవి?”

“సల్లారుతుంది, తిను.”

“తింటున్నా, తింటున్నా. పోయినసారిది ఒకటి అదిరిపోయింది తెలుసా? నా చానల్లో ఇప్పటికీ అదే నంబర్ వన్. ‘సూరత్‌లో తెలుగు బారు’ అని పెట్టా.”

“ఉన్నదా గట్ల?”

“బారేం కాదులే, మెస్సు. మరమగ్గాల మీద పనిచేసే మనవాళ్లు తింటారే, అలాంటిది. ఒక పెద్దావిడ స్టీలు గ్లాసులో తెల్లగా, పుల్లగా ఏదో పోసిచ్చింది. వాసన కూడా అదోలా ఉంది. తాగేసి, తూలుతూ రోడ్డు దాకా నడిచా. ‘మందు లేని రాష్ట్రంలో అమ్మ చేతి నాటు’ అన్నా. జనం పడీ పడీ నవ్వారు.”

“ఆమె నవ్విందా?”

“ఎవరు?”

“పోసినామె.”

“ఏమో. నవ్వే ఉంటుంది. కెమెరా నా వైపు ఉంది కదా.”

“ఆమె పేరేంది?”

“పేరెందుకు? ఆంటీ అన్నా, సరిపోయింది. ఏంటి అలా చూస్తున్నావ్?”

“ఏం లే. పా, స్కూటీ ఎక్కు. నీకు కావాల్సిన చోటు చూపిస్త.”

“ఇందాకటిదాకా లేదన్నావ్?”

“బారు లేదన్న. నువ్వు చెప్పిన చోటు లేదన్ననా?”

“అబ్బో! ఎటు వైపు?”

“భేస్తాన్.”

“అంటే మీవాళ్లు ఉండే ఏరియా. మీదీ సిరిసిల్లేనా?”

“మా నాయినది. నేను ఈడ్నే పుట్టిన.”

“నాన్నగారు మగ్గాల మీదా?”

“ఆఁ.”

“అమ్మగారు?”

“వంట చేస్తది.”

“ఇంట్లోనా, బయటా?”

“గట్టిగ పట్టుకో, గుంతలున్నయి.”

“మీకూ మెస్సు లాంటిది ఉందా?”

“ఉండె.”

“మూసేశారా?”

“మూయించిన్రు.”

“ఎవరు?”

“దిగు. వచ్చింది.”

(భేస్తాన్‌లో సందు చివర రేకుల షెడ్డు. లోపల కొన్ని బల్లలు, వెనక వంటిల్లు.)

“బోర్డు కూడా లేదే! సూపర్ సిస్టర్, ఇదీ చోటంటే. ఆ మూల బల్ల చూడు, అంకుల్స్ అందరూ చొక్కాలిప్పి, బనీన్లతో... మిట్టమధ్యాహ్నం అందరి చేతుల్లో గ్లాసులే. ఏం తాగుతున్నారు?”

“నీకూ ఒకటి తెచ్చిన. ఇగో.”

“ఏంటిది?”

“తాగి నువ్వే చెప్పు.”

“పుల్లగా ఉందే. ముక్కుకి కొడుతోంది. ఇది... అదేనా?”

“ఏది?”

“అదే!”

“నేను పేరు చెప్ప. పేరు పెట్టుడు నీ పని.”

“అర్థమైంది, అర్థమైంది. లైవ్ పెట్టేస్తా. ఏమీ అనరు కదా?”

“పెట్టుమని అంట లేను, వద్దని అంట లేను. నీ ఇష్టం.”

“హలో హలో వీకెండ్ ఫ్యామిలీ! ఎక్కడున్నాను నేను? సూరత్! చుక్క మందు దొరకని ఊళ్లో మీ వంశీ మళ్లీ బారు కనిపెట్టాడు! ఇదిగో గ్లాసు. అబ్బా... నాటు, పక్కా నాటు, గొంతులో మంట! అటు చూడండి, ఆ అంకుల్స్‌ని! ఆ మధ్యలో మీసాలాయన, పాపం, రెండు రౌండ్లు పూర్తయినట్టున్నాయి, కళ్లు తేలిపోతున్నాయి. చీర్స్ అంకుల్! పోలీసులకి దొరకని బారు మన చానల్‌కి దొరికింది. షేర్ చేయండి, బై బై!”

“అయిపోయిందా అన్నా?”

“అయిపోయింది. మామూలుగా లేదు, జనం ఎగబడి చూశారు. నువ్వు సూపర్ సిస్టర్.”

“మంచిది. ఇప్పుడు నేను చెప్త, విను. పోయినసారి నీకు గ్లాసు పోసినామె పేరు భాగీరథి. మా అమ్మ.”

“ఏంటి? ఊరుకో.”

“నీ వీడియో వచ్చినంక మా మెస్సుకు పోలీసులొచ్చిన్రు. వంట గంజులన్ని ఎత్కపోయిన్రు. మా అమ్మను జీపుల ఎక్కిచ్చిన్రు, గల్లీ గల్లంత చూసింది. జొన్నంబలి సార్, రాత్రి పులవెడ్తం, మగ్గాల వేడికి పొద్దుగాల తాగుతరు అని తెలుగుల మొత్తుకున్నది. ఆమెకు హిందీ ఎక్కడిది? పరీక్షకు పంపినమని, ఆగుమన్నరు. అంబలే అని తేలేసరికి షెట్టరుకు తాళం పడ్డది.”

“తేలింది కదా మరి...”

“తేలితే? కాయిదం ఎవరు చూసిన్రు? నీ వీడియోనే చూస్తున్రు, ఇయ్యాల్టికి చూస్తున్రు. బోరింగు కాడికి పోతే దారూవాలీ, మందమ్మేది వచ్చింది అంటరు. మా అమ్మ జన్మల మందు సీసా ముట్టలే అన్నా!”

“నాకు తెలీదు హారతీ. ఒట్టు, నిజంగా తెలీదు.”

“తెల్వదా? ఎన్నిసార్లు రాసిన నీకు? జర తీసెయ్యన్నా, మా అమ్మ తల ఎత్తుకుంట లేదన్నా అని బతిమాలుకున్న. నవ్వే బొమ్మ పెట్టినవ్. మల్ల రాస్తే బ్లాక్ చేసినవ్. గందుకే ఈసారి వేరే నంబర్ తోని రాసిన, ఊరు చూపిస్తనని.”

“రోజుకి ఎన్ని మెసేజ్‌లు వస్తాయో నీకు తెలీదు... సరే, సారీ. తప్పైపోయింది. ఆ వీడియో తీసేస్తా. ఇప్పుడు పెట్టింది కూడా...”

“తియ్యి. ఎవల ఫోన్లకు పోవాల్నో వాళ్ల ఫోన్లకు పోయే ఉంటది. నాకు నీ సారీ వద్దు. పోలీసుల కాడ మా అమ్మ ఎట్ల కూసున్నదో నువ్వు గట్ల కూసోవాలె. నిజం చెప్తుంటే ఎవ్వలు నమ్మొద్దు. రెండేండ్ల సంది గిదొక్కటే కోరుకున్న నేను.”

“ఏం చేశావ్? పోలీసులకి ఫోన్ చేశావా?”

“ఫోనెందుకు? వాళ్ల ముంగటనే కూసున్నవ్.”

“అంటే?”

“పోలీసు చౌకీ ఈ సందు మలుపుకే ఉన్నది. రేకుల వేడికి అంగీలు ఇప్పి తింటరు, గవి ఆ కొయ్యకు తలిగేసి ఉన్నయి చూడు, ఖాకీవి. నువ్వు మీసాలాయన అన్నవు గద, ఆయన రాంప్రసాద్ సార్. మా సిరిసిల్లోళ్ల కొడుకే. గప్పుడు ఈ చౌకీల లేకుండె. బదిలీ మీద వచ్చినంక కాయిదాలు చదివి మా ఇంటికొచ్చిండు. అమ్మా, తప్పయింది, మాకు వంట చేసి పెట్టు అన్నడు. ఈ షెడ్డు గట్ల వచ్చింది. నీ తెలుగు ఆయనకు ప్రతి ముక్క అర్థమైతది.”

“పద, పద, వెళ్లిపోదాం.”

“మెల్లగ మాట్లాడు. లోపట మా అమ్మున్నది. ఆమె గిట్ల చూస్తే పాపం అంటది, ఇడిసిపెట్టుమంటది. గంత మెత్తటి మనిషి. ఆమె బయటికి రాకముందే నీ పని కావాలె.”

“ఏం తమ్మీ, ఎటు లేచినవ్? కూసో.”

“నమస్తే సార్! రాంప్రసాద్ సార్, అదీ... జోక్ సార్. ఊరికే సరదాకి.”

“సరదానే. డ్యూటీల రెండు రౌండ్లు ఏసినమంటివి, కండ్లు తేలేసినమంటివి. మా సాబ్ ఫోన్‌కు అప్పుడే ఎవరో పంపిన్రు. ఏం తాగుతున్రురా అని అడుగుతుండు. ఏం చెప్పాలె చెప్పు.”

“అంబలి అని చెప్పండి సార్!”

“నువ్వు నాటు అన్నవు.”

“అబద్ధం సార్! వ్యూస్ కోసం అన్నా. వాసన చూడండి, ఇదిగో.”

“చూసిన. పుల్లగ ఉన్నది. గొంతుల మంట అని గూడ అన్నవు.”

“మంట లేదు సార్! చల్లగా ఉంది! మీరు కూడా తాగారు కదా, మీకు తెలీదా?”

“నాకు తెలిస్తే ఏమున్నది తమ్మీ? గిప్పుడు నేను గూడ జవాబు చెప్పాల్సినోన్నే. గ్లాసు పరీక్షకు పోవాలె. నువ్వు జర చౌకీ దాంక నడువు. ఫోను నాకియ్యి.”

“సార్, సాయంత్రం నాకు రైలుంది. ఇంట్లో వాళ్లకి తెలిస్తే... హారతీ, చెప్పు, ప్లీజ్, నువ్వే కదా గ్లాసు ఇచ్చావు!”

“ఇచ్చిన. ఏందని అడిగినవ్, తాగి చెప్పుమన్న. చెప్పినవ్.”

“అయ్యో! భాగీరథమ్మగారూ! అమ్మా! ఒక్కసారి బయటికి రండమ్మా!”

“ఏయ్, పిలవకు! అమ్మా, నువ్వు రాకు. పొయ్యి కాడనే ఉండు.”

“ఉండు బిడ్డా, ఏందో లొల్లి అయితుంది.”

“అమ్మా, నన్ను గుర్తుపట్టారా? మీ చేతి అన్నం తిన్నాను, రెండేళ్ల కింద. తప్పు చేశా, మీ కాళ్లు పట్టుకుంటా. ఇది అంబలే అని సార్‌కి ఒక్క మాట చెప్పండి. వండింది మీరు, మీరు చెబితే నమ్ముతారు.”

“గుర్తువట్టిన బిడ్డా. కానీ నా మాట ఎవలు నమ్ముతరు? నేను దారూవాలీని గద.”