కృష్ణమోహన్ కాసినో బిళ్ళలు

ఆగమ్మా ఎలీనా, అప్పుడే సీట్ బెల్ట్ తీయకు. ఇంజిన్ ఆపకు, హీటర్ ఉండనీ. బయట ఆ మంచు చూడు! కృష్ణమోహన్‌కి డ్రైవ్‌వే క్లీన్ చేయించుకునే తీరిక లేదు కానీ, ఇంటికొచ్చిన కోడలిపిల్ల చేత సారీ చెప్పించుకునే తీరిక మాత్రం ఉంది!

అంటే... వాడు రమ్మనలేదనుకో. నువ్వే వస్తానన్నావు. కేక్ కూడా నువ్వే చేశావు. అయినా నాకు ఒళ్ళు మండుతోంది. ఎవరి మీద అని అడక్కు.

అసలు తప్పంతా ఆ డిష్‌వాషర్‌ది. ఈ నోవై ఊళ్ళో ఇల్లు కొని ఇరవై ఆరేళ్ళు. మీ అత్తయ్య దాన్ని ఒక్కసారైనా ఆన్ చేసిందా? చేత్తో కడిగిన గిన్నెలు ఆరబెట్టుకునే అల్మరా అది మాకు. మనవాళ్ళ ఇళ్ళన్నిటిలో అంతే కదా! ఈ కృష్ణమోహన్ ఇంట్లో వాడి భార్య ఆండాళ్ అయితే అందులో ఊరగాయ జాడీలు పెడుతుంది.

అందుకే, కడిగిన వాడి కాసినో బిళ్ళల్ని మా దాంట్లో ఆరబెట్టానంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు. అమెరికాలో పుట్టిన పిల్ల, కాఫీ కప్పు పెట్టి బటన్ నొక్కేసి ఉంటుంది అంటే... అందరూ నమ్మేశారు. షాలోమ్ కూడా! కట్టుకున్నవాడు, "లోపల చూసుకోవద్దా?" అని నిన్నే అడిగాడు.

అవేమన్నా మామూలు బిళ్ళలా? జూదంలో డబ్బుకి బదులు పెట్టే పాత కాసినో చిప్స్, ముప్పై ఏడు. నెవాడాలో ఎప్పుడో కూల్చేసిన కాసినోలవి. కృష్ణమోహన్ డాక్టర్ల కాన్ఫరెన్స్‌కి వెళ్ళినప్పుడల్లా ఒకటి ఆడకుండా జేబులో వేసుకొచ్చేవాడు. ఆనాటి సిగరెట్ పొగ, ఎంతమంది చేతుల జిడ్డో వాటి మీద! "అబ్రహాం, ఇవి నువ్వు తప్ప ఎవరూ ముట్టుకోకూడదురా" అని తెచ్చి నా చేతుల్లో పెట్టాడు.

బంకమట్టి కలిపి చేసిన సరుకమ్మా అది. గోరువెచ్చని నీళ్ళు, పిల్లల టూత్‌బ్రష్, ఒక్క చుక్క సబ్బు, అంతే. మధ్యలో కాసినో పేరున్న కాగితం ఉంటుంది, అది తడవకుండా చుట్టూ రుద్దాలి. ఆరాక కాస్త మినరల్ ఆయిల్ పూస్తే రంగు తేలుతుంది. ఒక్కోదానికి పావుగంట. ఇలాంటి పాత బిళ్ళలు సేకరించే మా క్లబ్‌లో కొత్తవాళ్ళకి మొట్టమొదట నేను చెప్పేదేంటి? మెషీన్‌లో మాత్రం వేయకండి బాబూ, వేడికి వంకర పోతాయి, కాగితం లేచిపోతుంది అని.

అలాగే అయింది కదా. తలుపు తీస్తే ఎండిన నారింజ తొక్కల్లా ఉన్నాయి.

కృష్ణమోహన్ ఫోన్‌లో ఏమన్నాడు? "పోనీలేరా, చిన్నపిల్ల, తెలియక చేసింది" అన్నాడు. స్పీకర్‌లో నువ్వూ విన్నావు. తిట్టినా బాగుండేది! ఆ రోజు నుంచీ నువ్వు మా వంటింట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా అడిగి తీసుకుంటున్నావు. నాకు కనబడట్లేదనుకున్నావా?

ఇందాక దారంతా ఆ ఒక్క తెలుగు ముక్క ప్రాక్టీస్ చేశావు. "నా వల్ల తప్పు జరిగింది అంకుల్, క్షమించండి." సిగ్నల్ దగ్గర ఆగి నన్నే అడిగావు, "క్షమించండి కరెక్టేనా మామయ్యా?" అని. కరెక్టేనన్నాను. చర్చిలో సంఘపెద్దని! ప్రతి ఆదివారం లేచి నిలబడి అందరి కోసం ప్రార్థన చేసేవాణ్ణి. కరెక్టేనమ్మా అన్నాను!

నువ్వు నొక్కలేదమ్మా ఆ బటన్.

ఆరబెట్టడానికి కాదు, కడగడానికే పెట్టాను వాటిని. నేనే. బుధవారం మధ్యాహ్నం, మీ అత్తయ్య బైబిల్ స్టడీకి వెళ్ళినప్పుడు.

ఇదిగో, నా చేతులు చూడు. అలా కాదు, సరిగ్గా చూడు. ఏడాది నుంచీ ఇంతే వణుకు. జేబుల్లో పెట్టుకు తిరుగుతున్నాను. కాఫీ సగం కప్పే పోయమంటున్నాను. మొదటి బిళ్ళ పట్టుకోగానే బ్రష్ జారి కాగితం మీద గీత పడింది. ఇంకా ముప్పై ఆరు! నా వల్ల కావట్లేదురా అని వాడికి ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. నోరు రాలేదు. డిష్‌వాషర్ బటన్ మీద లైట్ వాష్ అని రాసి ఉంది, ఏమీ కాదులే అనుకున్నాను.

సరే, భయపడి అబద్ధమాడాడు, ముసలాడి చేతకానితనం అని నువ్వు సరిపెట్టుకుంటావేమో. మంచిదానివి, సరిపెట్టుకుంటావు. కానీ నేను చెప్పలేక చస్తున్నది అది కాదు.

ఆ సాయంత్రం నువ్వు ఆ డిష్‌వాషర్ ముందు నిలబడి చాలాసేపు ఆలోచించావు చూడు. "నేనే నొక్కానేమో మామయ్యా, నాకు గుర్తు లేదు" అన్నావు. కళ్ళనిండా నీళ్ళు. అప్పుడు నాకేమనిపించిందో తెలుసా?

హమ్మయ్య అనిపించిందమ్మా.