నోబాల్ హిరానో

ఏందమ్మీ, సెల్లులో ఆ జపానోడు చెండు ఇసురుతాంటే నోరు తెర్సుకోని సూస్తాండావు? అట్లాంటోనికి నేను మూడేండ్లు అన్నం వండి పెట్టినా, తెల్సునా? నవ్వు, నవ్వు. హిరానో అని, నేను గల్ఫులో ఉన్నప్పుడు ఫింటాస్‌లో మా సారు. కంపెనీలో మిషన్లు సూసేటోడు. అంతకుముందు అమెరికాలో రెండేండ్లు ఏదో చిన్న బేస్‌బాల్ టీముకు చెండేసినాడు. బాస రాదు, కూడు సయించదు, అయినా ఏస్తానే ఉండెనంట. మూడో ఏడు బుజం పోయె. ఖలాస్, టికెట్టు చేతిలో పెట్టి పంపించిరి. అది చెప్పేటప్పుడు గూడా నవ్వుతాండె మహానుబావుడు. నేనేం జేస్తి? మా సారు పెద్ద బౌలరని గొప్పలు పోయి, శుక్రవారం రిగ్గైలో మనోళ్ల క్రికెట్టుకు పిల్సుకపోతి. అంపైరు మా రూమోడే, అమలాపురం అచ్చిబాబు. "ఏవండోయ్ రామాంజనేయులు గారూ, మోచెయ్యి మడిచి ఇసిరితే నోబాలండీ బాబూ!" అని నాతో అనె. మల్లా ఏసె, మల్లా నోబాలు. పదైదు ఏసినా ఒక్కటీ లెక్కకు రాలే. ఆ ఓవరు ఈపొద్దుటికీ అయిపోలేదమ్మీ! నోబాలన్నప్పుడల్లా సారు వంగి దండం పెట్టె, అచ్చిబాబు సిగ్గుతో సచ్చె.

యాడుంటి? ఆఁ, తొంబైలో ఇరాకోళ్లు యుద్దానికొచ్చి ఊరి మీద పడిరి గదా. తెల్లోళ్లను, జపానోళ్లను ఏరి పట్టకపోతాంటే సారును తెచ్చి మా రూములో బియ్యం మూటల ఎనక దాపెడ్తిమి. మనల్ని, ఇండియావోళ్లను, అంతగా పట్టించుకోరులే. ఎదురుమిద్దె మూడో అంతస్తులో రాజంపేట సంజీవమ్మ, పనిమనిషి. ఆయమ్మ మామా అని పిల్సే సేటమ్మ, ఇంటోళ్లందరూ కటకటాల తలుపుకు బయట గొలుసేసి సౌదీకి పారిపోయిరి. నాలుగు దినాలుగా ఉత్త నీళ్లే. కిటికీలోంచి కొంగు ఊపుతాది. కిందేమో సిపాయిలు. నేను మిద్దెక్కి రొట్టె ఇసిరితే సిపాయి కాళ్లకాడ పడె. వాడు తిని, ఇంకోటి ఎయ్యమని చెయ్యూపె! అచ్చిబాబు చెయ్యి మడవకుండా శాస్త్రప్రకారం ఏసె, గోడకు తగిలె. అప్పుడు సారు లేసె. "కనపడితే పట్టకపోతారు సార్, పైగా ఆ బుజం" అంటే ఇంటేనా? నా తువ్వాలు మొగానికి సుట్టుకోని, రొట్టె, ఖర్జూరం గుడ్డలో బిగించి ఉండ కట్టినాడు. మిట్టమద్యాన్నం ఎండకు సిపాయిలు నీడకు పోతూనే ఇసిరె. సక్కగా కిటికీలోకి! ఎనిమిది దినాలు, ఒక్కటీ తప్పలే. దిగొచ్చి బుజానికి తడిగుడ్డేసుకోని పండ్లు కొరుక్కుంటా పండుకుంటాండె.

తొమ్మిదోనాడు మనోళ్లకు బస్సొస్తాదనిరి. ఆ దినం రంపం బ్లేడు ఇసిరె. సంజీవమ్మ గొలుసు కోసుకోని దిగె. గానీ మిద్దె మీదనించి ఇసిరింది సిపాయి సూసినాడు. పైకొచ్చి నా కాలరు పట్టుకోని, ఎవడేసింది అనె. నేనే అనుంటే సరిపోతాండె. ఇండియావోన్ని గదా, రెండు పీకి ఇడిసిపెడ్తాండ్రి. మూటల ఎనకనించి ఆయప్పే లేసొచ్చి బుజం సూపిచ్చె. పట్టకపాయిరి.

బస్సులో సంజీవమ్మ, "తువ్వాలు సుట్టుకోని ఏసింది ఎవురన్నా? కాళ్లు మొక్కుతా" అనె. నేనే అంటి. అచ్చిబాబు పక్కనే ఉండె. మొగం కిటికీ తట్టు తిప్పుకునె.

డిసెంబర్లో ఇడిసిపెట్టిరంటలే ఆయప్పను...

సంగటి అడుగంటుతాంది, పో, సూడు పో.