పదిహేనో మనిషి

అయోవాలో ఒక చిన్న ఊరు, జనవరి మంచు. అధ్యక్ష పదవికి తమ పార్టీ తరఫున ఎవరు పోటీ చేయాలో తేల్చడానికి జనం బడి ఆటగదిలో చేరారు. ఎవరికి నచ్చిన అభ్యర్థి మూలలో వాళ్లు నిలబడాలి. ఇరుగుపొరుగు ఆడవాళ్లిద్దరు తలుపు దగ్గరే ఆగిపోయారు.

"మా మూలలో పద్నాలుగు మందిమే ఉన్నాం. ఇంకొక్కరు రాకపోతే మా మూల ఎత్తేస్తారు. రావే!"

"రాలేనక్కా. ఆ ఎదురు మూలలో ఎవరున్నారో చూడు."

"పందిమాంసం ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. ఉంటే నీకేం?"

"మా ఆయన ఇంకా ఆయన కిందే కదా. చాటుగా చీటీ వేసే ఓటైతే మీకే వేద్దును."

"ఫ్యాక్టరీలో మాంసం కోసే యంత్రాల వేగం తగ్గిస్తానన్నది మా మనిషొక్కడే. ఆ మాట నీకు వేరే చెప్పాలా?"

"ఎందుకూ? రోజూ మా ఆయన చొక్కాకి గుండీలు పెట్టేది నేనేగా."

"పోనీ మీ ఆయన వెర్లిన్‌నైనా పిలువు. ఏడీ?"

"అదుగో, సూపర్‌వైజరు పక్కనే. లెక్కకి చేతులెత్తమంటున్నారు."

"అదేంటే, ఎడంచెయ్యి ఎత్తాడు?"

"కుడిదెత్తితే, దానికి వేళ్లు లేవని ఆ పెద్దమనిషికి గుర్తొస్తుందని భయమక్కా."